గంట మోసిన పీత

పోటు ఇంకా దిగలేదు. కరకట్ట చివర, ఇక మీదట దారి అనేదే లేనిచోట, అల్లుడు బాలాజీ వ్యాను ఆపి ఇంజను కట్టేశాక ముందు గాలి వినపడింది, తరవాత నీళ్ళు, ఆ తరవాత వెనక మంచం మీద సత్యవతమ్మ ఊపిరి. ఈ మూడింట్లో ఏది ముందు ఆగుతుందో అన్న ఆలోచన ఎవరూ పిలవకుండానే వచ్చి పోతురాజు పక్కన కూచుంది. దాన్ని తరమడానికి ఆయన అద్దంలోంచి దిబ్బకేసి చూశాడు. అదుగో దిబ్బ, ఇదుగో వ్యాను, మధ్యలో ఏటి పాయలోంచి ఎక్కొచ్చిన పోటునీళ్ళు, మోకాలి పైదాకా, చిక్కటి టీ రంగులో, ఎవరి కొంపా ఎన్నడూ ముంచి ఎరగనట్టు నింపాదిగా పడుకుని ఉన్నాయి. కాసేపటికి అవి దిగుతాయి. దిగాక ఆయన చెంబు పట్టుకుని దాటి వెళ్ళి, దిబ్బ కింద ఇసకలో చెలమ తవ్వి, ఊరిన తియ్యటి నీళ్ళు తెచ్చి పెళ్ళాం నోట్లో పొయ్యాలి. ఉంటే. ఆ చెలమలో తీపి ఇంకా ఉంటే, అసలు ఆ దిబ్బ ఇదే అయితే, ఆవిడ అంతదాకా ఉంటే. ఎన్ని ఉంటేలు! ఆయన తన జన్మలో ఏ కథలోనూ ఇన్ని ఉంటేలు పెట్టలేదు. ఉందండీ అంటే ఉందంతే, నమ్మితే నమ్మండి లేకపోతే దిగి నడిచిపోండి అన్నట్టుండేది ఆయన వరస.

సముద్రం పక్కన తియ్యటి నీళ్ళేమిటని పైఊరివాళ్ళు నవ్వుతారు. దిబ్బలోకి ఇంకిన వాననీళ్ళు కిందున్న ఉప్పునీళ్ళ మీద పల్చగా తేలుతుంటాయి, పాలమీద మీగడ కట్టినట్టు. ఆ మీగడ ఉన్నంతవరకే అరచేత్తో ఇసక తియ్యాలి. పార తగలకూడదు. ఆశపడి లోతుకి పోయావా, అడుగున ఉన్న ఉప్పు పైకి తన్నుకొస్తుంది, ఇక ఆ చెలమ ఆ పూటకి చచ్చినట్టే. ఒడ్డున పుట్టిన పిల్లకి నడకతోపాటే వచ్చే సంగతి ఇది, ఎవరూ కూచోబెట్టి నేర్పరు. మరి ఇప్పుడు మీకెందుకురా ఇంత తొందర, అని ఆయన తన చేతుల్నే అడిగాడు, కొత్తగా పనిలో చేరిన కూలీలని గద్దించినట్టు. అవి ఒళ్ళో ఉన్న చెంబుని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాయి. ఇత్తడి చెంబు. గుడివాడ వీధుల్లో చేపలమ్మి ఆవిడే కొన్నది. ఆవిడ కిడ్నీలు పాడైన దగ్గర్నుంచీ దానికి పనిలేదు. ఆవిడ నీళ్ళు ఇప్పుడు చిన్న ప్లాస్టిక్ సీసాలో కొలతగా ఉంటాయి, రోజుకింతేనని డాక్టరు గీత గీశాడు, ఆ గీత దాటితే ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు చేరతాయట. సముద్రం పక్కన పుట్టి, సముద్రం తిండి తిని, ఒక్క గుక్క నీళ్ళ కోసం ఐసుముక్క చప్పరించుకునే ఖర్మ పట్టింది మనిషికి.

వ్యాను కిటికీ తెర ఊగింది. నీలం తెర, మీద తెల్ల కొంగలు. ఈ తెర గురించి బాలాజీ ఎంత గొప్పలు పోయేవాడని! పాత టెంపో ఒకటి కొని, గుడివాడ షెడ్డులో సీట్లన్నీ పీకించి, మంచం పెట్టించి, గ్యాసు పొయ్యి, బుల్లి ఫ్యాను, నీళ్ళ ట్యాంకు పెట్టించి, క్యారవాన్ మావయ్యా దీన్నంటారు అని తిప్పి తిప్పి చూపించాడు. హైదరాబాదు నుంచీ బెజవాడ నుంచీ జనం దిగేవాళ్ళు, మంగినపూడీ హంసలదీవీ అందరూ చూసేవే కదండీ, ఎవరికీ తెలియని చోట్లు కావాలి మాకు అనేవాళ్ళు. ఎవరికీ తెలియని చోట్లా, మా మావయ్య ఉన్నాడండీ, అని బాలాజీ ఆయన్ని ముందు సీట్లో కూచోబెట్టాడు. ఏళ్ళ తరబడి బందరు రేవు నుంచి గుడివాడ దాకా ఐసు పెట్టెలతో చేపల ఆటో తోలినవాడికి ఏ మలుపు వెనక ఏ నీడ ఉందో తెలియదూ? ఘంటసాల బౌద్ధస్తూపం దిబ్బ వెనక చేలగట్టు మీద ఆపించి, ఇక్కడ పాత ఇటుక తలకింద పెట్టుకు పడుకుంటే కలలో పూర్వకాలం బాస వచ్చేస్తుందని చెప్పాడు. ఒక హైదరాబాదు కుర్రాడు నిజంగానే పడుకున్నాడు. బాస రాలేదు, మెడ పట్టేసింది. పెదపారుపూడి దగ్గర కాలవ మెట్ల మీద కూచోబెట్టి, ఇక్కడ మనం ఆవులిస్తే ఎదురొడ్డున గేదె ఆవులిస్తుందన్నాడు, కాసేపటికి గేదె నిజంగానే ఆవులించేసరికి ఆ ఆడపిల్లలు కెవ్వున అరిచి ఫోన్లు తీశారు. ముదినేపల్లి చెరువుగట్టు మీద అయితే చేపలు తమంతట తాము గట్టెక్కి కాటాలో కూచునేవి. మావయ్యా, కాస్త తగ్గించవయ్యా అనేవాడు బాలాజీ. తగ్గిస్తే మిగిలేది ఉత్త చెరువే కదా అల్లుడూ అనేవాడు ఈయన. చివరికి ఎక్కడ తిరిగినా ఏ ఒడ్డుకో తీసుకొచ్చి గంట మోసిన పీత కథ చెప్పి పంపించేవాడు. ఆ పీత కథకి మాత్రం రోజుకో ముగింపు. ఒకనాడు పీత గంటని సింగపూరు తీసుకుపోయేది, ఒకనాడు తాబేలుకి పెళ్ళి కానుక ఇచ్చేది. ఆ ముగింపులు విని జనం నవ్వేవాళ్ళు. ఈయన నవ్వేవాడు కాదు. అది ఆయన గడుసుతనం అనుకునేవాళ్ళు.

ఇన్ని చోట్లు చూపించాడు గానీ ఈ ఒక్కచోటికీ ఎవర్నీ తేలేదు. బేరం వచ్చినా, అటు దారి బాగోదండీ అని తప్పించేవాడు. దారి బాగోదు. అదొక్కటీ అబద్ధం కాదు.

వెనక సత్యవతమ్మ కదిలింది. తలగడ సర్దబోయి ఆయన లేచాడు, మళ్ళీ కూచున్నాడు, ఆవిడ కదల్లేదు, తెర నీడ కదిలింది. సూదుల చెయ్యి దుప్పటి బయట ఉంది, ఉబ్బిపోయి, నరం తాడులా తేలి, అది ఆవిడ చెయ్యిలా లేదు. ఆ చేత్తోనే కదా గంప దించేది. ఆ చేత్తోనే మొప్పలు ఎత్తి చూపించేది. చేప నిన్నటిదైతే నిన్నటిదనే చెప్పేది, అడక్కముందే, పక్కన కూచున్నవాళ్ళు నెత్తీనోరూ కొట్టుకుంటున్నా సరే. నిన్నటిదేనమ్మా, పులుసుకైతే తీస్కో, వేపుడికి వద్దు. అందుకే ఆవిడ గంప ముందే ఖాళీ అయ్యేదని ఆయనకి అర్థం కావడానికి సగం కాపురం పట్టింది. ఇలాంటి మనిషికి ఇలాంటి మొగుణ్ణి కట్టబెట్టిన దేవుడికి సరసం ఎక్కువ. ఆయన కథ మొదలెడితే ఇంటిల్లిపాదీ ఊఁ కొట్టేది, కూతురు గాయత్రి ఉయ్యాల్లోంచి కూడా ఊఁ కొట్టేది, ఆవిడ మాత్రం పెదవి విప్పేది కాదు. ఒక్క ఊఁ అనవే, నీ సొమ్మేం పోయింది? అని బతిమాలితే, అంటే నమ్మినట్టేగా, నమ్మనిదాన్ని ఊఁ ఎట్టా అంటానయ్యా, అని వంకాయ తరుక్కునేది. కాపురం మొత్తం మీద ఆవిడ నోట ఒక్క ఊఁ రాలేదు. అలా అని లేచి కూడా వెళ్ళేది కాదు. కథ అయ్యేదాకా ఆ వంకాయలు తరుగుతూనే ఉండేది. ఎన్ని వంకాయలని? కూర మాత్రం రోజూ అంతే అయ్యేది.

మొన్న బందరులో డాక్టరు, వయసు మరీ చిన్నది, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఆవిడకేది ఇష్టమైతే అది చెయ్యండి అన్నాడు. అంతే. ముందూ వెనకా ఏమీ లేదు ఆ మాటకి, చిలవా లేదు పలవా లేదు. కట్టుకథల్లో పండిపోయినవాడికి ఉత్త నిజం ఎలా ఉంటుందో చెవికి తగలగానే తెలిసిపోయింది. ఆవిడే వద్దంది, ఇక సూదులు వద్దు, ఆ రక్తం కడిగే మిషను చప్పుడు వద్దు. తిరిగొస్తుంటే ఇదే వ్యాన్లో ఇదే మంచం మీద పడుకుని, చాలాసేపు కిటికీలో కరెంటు స్తంభాలు చూసి, అడిగింది.

"ఏమయ్యా. ఎవరికీ తెలీని చోట్లన్నీ ఊళ్ళోవాళ్ళకి చూపించావుగా. నాకు చెప్పింది ఒకటి బాకీ ఉండిపోయింది."

"ఏదే?"

"అదే. ఉప్పెన మర్నాడు తాగానన్న నీళ్ళు. కొబ్బరినీళ్ళలో పటికబెల్లం వేసినట్టుంటాయన్నావు. ఒక్క గుక్క తాగుతాను. ఉంటే."

ఆ ఉంటే దగ్గర ఆయన లోపల ఏదో పుటుక్కుమంది. ఎందుకంటే కాటాలో కూచున్న చేపా అబద్ధమే, ఆవులించే గేదే అబద్ధమే, ఆ నీళ్ళు నిజం. పటికబెల్లం తన చేర్పు కావచ్చు, నీళ్ళు నిజం. పెళ్ళైన కొత్తలో చెప్పాడు, చెప్పినవాడు ఉన్నదున్నట్టు చెప్పక, మిగతా కథలు ఏ గొంతుతో చెప్పాడో అదే గొంతుతో చెప్పాడు. ఇంకో గొంతు ఆయనకి లేదు. ఆవిడ దాన్నీ ఆ గంపలోనే వేసింది. నిన్నటి చేపలతో పాటు ఇవాల్టి చేప ఒకటి కలిసిపోయింది, ఇన్నాళ్ళూ ఆయనా వేరు చెయ్యలేదు. ఇప్పుడు వేరు చెయ్యాలి. ఆవిడ పోయేలోగా ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నిజమని తేలాలి. లేకపోతే తనతో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి తనని పూర్తిగా నమ్మకుండానే వెళ్ళిపోతుంది. బయల్దేరేటప్పుడు, చూడలేను, నేను రాను అని గాయత్రి గుమ్మంలోనే ఆగిపోయింది. తలగడలు మాత్రం సర్ది పంపించింది.

నీళ్ళు దిగుతున్నాయా? పాయ ఒడ్డున ఒక కర్ర గుచ్చి ఉంది, దాని తడి గీత పైకి కనపడుతోంది, దిగుతున్నాయి. దిగే నీళ్ళని చూడ్డం ఆయనకి పడదు. ఎక్కే నీళ్ళ కన్నా దిగే నీళ్ళే భయం. ఆ ఉప్పెన రాత్రి నీళ్ళు ఎక్కినప్పుడు చీకటి, గాలి అరుపు, తాడిచెట్టు మట్టలు ఒళ్ళు చీరుకుపోవడం, అంతే, ఆలోచనే లేదు. తెల్లారాక నీళ్ళు దిగాయి. దిగి, ఏమేం ఉంచి వెళ్ళాయో చూపించాయి. అమ్మ కనపడలేదు, గుడిసెలు కనపడలేదు, పాలెం ఉందనడానికి పొయ్యిరాయి కూడా లేదు. చెట్టు దిగిన పిల్లాడు ఆ మధ్యలో నిలబడితే ఎవరో గడ్డం పట్టుకుని మొహం తిప్పారు. పక్క పేటలో ప్రార్థనలు చేయించే సీతమ్మ. తెల్లచీర బురదచీర అయిపోయింది. ఆవిడకీ ఎవరూ మిగల్లేదు. "అటు చూడమాక. నా మొహం చూడు. నా మొహమే చూడాలి." దిబ్బ కింద కూచుని అరచేత్తో ఇసక తీసింది, మీగడ తీసినంత మెత్తగా, చుట్టూ బావులన్నీ ఉప్పయిపోయిన ఆ పొద్దున, దోసిట్లో ఊరిన నీళ్ళు పట్టి తాగించింది. తియ్యగా ఉన్నాయి. ఇప్పటికీ నాలిక అడుగున ఎక్కడో ఉన్నాయి. తరవాత కథ మొదలెట్టింది. మా చర్చి గంట ఏమైందో తెలుసా, ఒక పీత వీపున వేసుకుని పోయింది, నేను కళ్ళారా చూశాను. ఊఁ కొట్టు. ఆపావో నిద్దర పడుతుంది, ఈ చలిలో నిద్దరపోతే ఇక లేవవు, ఊఁ కొడుతుండు. పిల్లాడు ఊఁ అన్నాడు. పీత అడుగడుక్కీ గంట ఖంగుమంటోంది. ఊఁ. దారిలో నత్త ఎదురొచ్చి, బావా ఎక్కడికీ అంది. ఊఁ. ఎండ నడినెత్తికొచ్చింది. పీత సముద్రం అంచుకెళ్ళి నిలబడింది, అప్పుడు దానికి, అని సీతమ్మ ఆగింది. ఊఁ, అన్నాడు. ఊఁ. ఆవిడ మొహమే చూడమంది కాబట్టి మొహమే చూస్తూ, ఊఁ. పడవలో వచ్చినవాళ్ళు ఎత్తుకున్నప్పుడు కూడా ఊఁ అంటూనే ఉన్నాడట, ఆవిడ ఎప్పుడో పోయిందిరా నాయనా అని ఎవరో చెబితే దానికీ ఊఁ అన్నాడట.

ఇది ఆయన ఎవరికీ చెప్పలేదు. నీళ్ళ సంగతి చెప్పాడు, పీతని చెప్పాడు, ఈ రెంటినీ కలిపి ఎన్నడూ చెప్పలేదు. కలిపితే అది కథ కాకుండా పోతుంది.

"మావయ్యా, ఈ దిబ్బేనా?" స్టీరింగు మీద తల ఆనించుకున్న బాలాజీ కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"ఇదే అల్లుడూ. కళ్ళు మూసుకుని చెప్తా."

కళ్ళు తెరిస్తే చెప్పలేడు మరి. సముద్రం మీంచి వచ్చేవాళ్ళకి అప్పట్లో గుర్తు రెండు తాడిచెట్లు, ఒకటి ఇంకోదాని వెనక దాక్కున్నదా, అదే మన రేవు. ఇప్పుడున్నది ఒక్క చెట్టు. ఒక్క చెట్టు దేని వెనక దాక్కుంటుంది? కట్టకి ఇవతల రొయ్యల చెరువులు, నీళ్ళలో తిరిగే చక్రాలు రొద పెడుతున్నాయి, అవతల సముద్రం తన పాత చోటులో లేదు, ముందుకి జరిగి కూచుంది. దిబ్బలు కూడా ఒక్కచోట ఉండవు, గాలి ఎటు తోస్తే అటు పోతాయి. ఈ దిబ్బకి ఆ సీతమ్మ గుర్తుంటుందా? తనకి మాత్రం ఆవిడ మొహం గుర్తుందా? గడ్డం మీద వేళ్ళు గుర్తున్నాయి. మొహం, ఎంత చూసినా, సత్యవతమ్మ మొహంలాగే కనపడుతోంది.

నీళ్ళు పిక్కల దాకా దిగాయి. ఆయన పంచె ఎగ్గట్టాడు. బాలాజీ వెనక డిక్కీ తీసి, "పార తేనా మావయ్యా, త్వరగా అవుద్ది," అన్నాడు. "వద్దు. అత్తయ్య దగ్గర కూచో." దాటేటప్పుడు నీళ్ళు చల్లగా, కాలి వేళ్ళ మధ్య బురద జారుతూ, రొయ్యల మేత కంపు ఒకటి. దిబ్బ కింద ముళ్ళగడ్డి బంతులు దొర్లుతున్నాయి. రావణాసురుడి మీసాలంటారు వాటిని, వాటి మీదా ఒక కథ ఉంది, ఇప్పుడు కాదు. మోకాళ్ళ మీద కూచుని అరచెయ్యి పెట్టాడు. మెత్తగా. మీగడ. పైపొర తీశాడు, పొడి. అరచెయ్యి లోతు, పొడి. మణికట్టు, పొడి. ఇక్కడ ఆపాలి, ఆగి పక్కన ఇంకోచోట చూడాలి, పిల్లలకి కూడా తెలుసు. ఆపలేదు. వ్యాను కిటికీలో నీలం తెర పక్కకి తీసి ఉంది, ఆవిడ చూస్తోంది, బాలాజీ లేపి కూచోబెట్టినట్టున్నాడు, ఆవిడ చూస్తుంటే ఉత్త చేతులతో ఎలా లేస్తాడు? రెండు చేతులతో తోడాడు, కుక్క గొయ్యి తవ్వినట్టు, మోచెయ్యి దాకా. అప్పుడొచ్చాయి నీళ్ళు, గోడల్లోంచి జలజల, మురికిగా. అవి తేరేదాకా కూచున్నాడు. ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాడు.

ఉప్పు. కన్నీళ్ళ ఉప్పు కూడా కాదు, సముద్రం ఉప్పు.

రొయ్యల చెరువులు తినేశాయా తీపిని, సముద్రం తినేసిందా, దిబ్బే వేరా, లేక మీగడ అక్కడే ఉండగా తొందరపడి తనే చించి అడుగుది పైకి తెచ్చాడా? పక్కన ఇంకోటి తవ్వాడు, అదుపుగా, మణికట్టు దగ్గర ఆగాడు. పొడి. ఇసక ఎంత నిబ్బరంగా జారుతోంది వేళ్ళలోంచి. ఇన్నేళ్ళు ఎంతమందిని బోల్తా కొట్టించాడు, ఇప్పుడెంతసేపు, వ్యాను వెనక ట్యాంకు ఉంది, చెంబు ముంచి, ఇదుగోనే నా నీళ్ళు అంటే సరి. అంతలోనే ఆవిడ మొప్పలు ఎత్తి చూపించే చెయ్యి జ్ఞాపకం వచ్చింది. ఉప్పునీళ్ళే చెంబులో నింపుకుని తిరిగి దాటాడు.

"తెచ్చావా?"

"తెచ్చా." మంచం పక్కన కూలబడ్డాడు. గొంతు తనది కాదు, ఎక్కడ నుంచో వచ్చింది, ఇన్నాళ్ళూ తనకి లేదనుకున్న ఇంకో గొంతు. "ఉప్పుగా ఉన్నాయే సత్తెమ్మా. తాగకు. అప్పుడు తియ్యగా ఉండేవి. నిజం."

"నువ్వు చెప్తే నేనెప్పుడు నమ్మాను. ఇటు తే."

వేలు ముంచి ఆవిడ నాలిక మీద రాశాడు. చేప ఇవాల్టిదో నిన్నటిదో వాసనతో చెప్పే మనిషి, కూరలో ఉప్పు కాస్త ఎక్కువైతే ఆవిరి మీదే పట్టే మనిషి, కళ్ళు మూసుకుని ఆ తడిని చాలాసేపు నోట్లో ఉంచుకుంది. మొహం చిట్లలేదు. మింగింది.

"తియ్యగా ఉన్నాయయ్యా," అంది.

ఆయన చెంబు కింద పెట్టాడు.

"పటికబెల్లం ఏమిటి, పనసతొన తేనెలో ముంచినట్టున్నాయి. నువ్వే తగ్గించి చెప్పావు."

ముందు సీట్లో బాలాజీ మొహం అటు తిప్పుకున్నాడు. ఆవిడ ఊపిరి కూడదీసుకుంది. "ఆ పీత ఏమైందో కూడా నీకు తెలీదు. రోజుకోటి చెప్తావు. నేను చెప్తా. ఊఁ కొట్టు."

"ఊఁ," అన్నాడు పోతురాజు.

"గంట మోసీ మోసీ దానికి దాహమేసింది."

"ఊఁ."

"ఈ దిబ్బ దగ్గరకే వచ్చింది. గంట దించింది. డెక్కతో ఇసక తీసింది. నీలాగా కాదు, నెమ్మదిగా. పైపైన."

"ఊఁ."

"నీళ్ళు తాగింది. ఎంత కావాలంటే అంత. ఎవరూ గీత గియ్యలేదు. తాగి, వీపు తేలికయ్యి, అప్పుడు దానికి..."

ఆగింది. కిటికీ తెర ఊగి ఆగింది. బయట కర్ర మీద తడి గీతకేసి కొత్త నీళ్ళు పాకాయి, పోటు మళ్ళీ మొదలైంది. దుప్పటి లేచింది, చాలాసేపటికి దిగింది. మళ్ళీ లేచేదాకా ఆయన ఆవిడ మొహమే చూశాడు, ఇంకెటూ చూడలేదు.

"ఊఁ," అన్నాడు. "ఊఁ."